ఆల్కో ఇంజన్‌కి సౌండ్ పెట్టాలి, మన వైడీఎం-4 లాగా మోగాలి. ఏది కొనాలి?

దిగువమెట్ట గేటు:

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు, ఈసారి తప్పట్లేదు.

ఉండేది డాలస్ దగ్గర. పెరట్లో కంచె వెంబడి మోడల్ రైళ్ల కోసం 45 మిల్లీమీటర్ల ఇత్తడి ట్రాక్ ఒక చుట్టు వేసుకున్నాను, 110 అడుగుల దాకా వస్తుంది. పోయిన చలికాలం ఒకాయన తన సామానంతా అమ్మేస్తుంటే జర్మనీ మోడల్ రైళ్ల కంపెనీ ఎల్‌జీబీ వాళ్ల వైట్‌పాస్ ఆల్కో (ఆల్కో అంటే అమెరికా రైలింజన్ల కంపెనీ), అదే డీఎల్535ఈ, పాతది దొరికింది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, అలాస్కాలో స్కాగ్వే నుంచి కొండెక్కే వైట్‌పాస్ అండ్ యూకాన్ అని మూడడుగుల గేజ్ రైల్వే ఉంది, దానికోసం 1969 నుంచి కెనడాలో ఎంఎల్‌డబ్ల్యూ (మాంట్రియల్ లోకోమోటివ్ వర్క్స్) కట్టిన ఇంజన్లు ఇవి. మన మీటర్ గేజ్ డీజిల్ వైడీఎం-4 ఆల్కో లెక్కల్లో డీఎల్535ఏ. రెండింటి ఇంటిపేరూ ఒకటే, లోపల రెండింటికీ ఆల్కో వాళ్ల ఆరు సిలిండర్ల 251 మోడల్ డీజిల్ ఇంజనే. పైగా ఈ మోడళ్ల స్కేలు 1:22.5, మీటరుని 22.5తో భాగిస్తే 44.4 మిల్లీమీటర్లు, అంటే ఈ ట్రాక్ వైట్‌పాస్ కంటే మన మీటర్ గేజ్‌కే బాగా కుదురుతుంది. ముక్కు, క్యాబిన్ పోలిక రాదు, తెలుసు, దయచేసి ఎవరూ ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించకండి.

మా తాత దిగువమెట్ట దగ్గర గేట్‌మన్. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమలలోకి ఎక్కే లైను, అప్పట్లో మీటర్ గేజ్. సెలవుల్లో ఆ గేటు దగ్గరే మా మకాం. బండి కనపడకముందే ఇంజన్ గుర్రుమంటూ ఎక్కే చప్పుడు అడవిలోంచి వచ్చేది, అది విని తాత లేచి గేటు వేసేవాడు. 90ల్లో బ్రాడ్ గేజ్ వేశారు, ఆ చప్పుడు పోయింది. నాకు కావాల్సింది అదే.

ఇప్పుడున్నది మామూలు డీసీ ట్రాన్స్‌ఫార్మర్, పట్టాల్లోంచే కరెంటు. సౌండుకి 300 డాలర్ల దాకా పెట్టగలను. లోక్‌సౌండ్ ఎక్స్‌ఎల్, ఫీనిక్స్, మాసోత్, మైలోకోసౌండ్ అని పేర్లు రాసుకున్నాను గానీ ఒక్కో వీడియోలో ఒక్కోలా ఉంది, ఫోన్లో వింటే అన్నీ ఒకేలా వినపడుతున్నాయి. ఊరికే ప్రయత్నిద్దామని ఒక చవక బోర్డు తెప్పించి పెడితే దోమ చెవిలో దూరినట్టు ఉంది, మా అమ్మాయి నవ్వి నవ్వి వెళ్లిపోయింది. ఏది కొనాలి, స్పీకర్ ఎక్కడ పెట్టాలి? పక్కింటివాళ్లు కంచెకి అవతలే ఉంటారు, అదీ ఒక టెన్షన్.


పట్టాల పిచ్చోడు:

అన్నా, ఏ బ్రాండ్ అన్నది తర్వాత. ముందు ఇంజన్‌కి కరెంటు ఎలా ఇస్తావు అన్నది తేల్చుకో, సగం జవాబు అక్కడే వచ్చేస్తుంది.

ఇప్పుడున్నట్టే డీసీలోనే ఉంటానంటే ఒక చిక్కుంది. డీసీలో స్పీడు అంటేనే వోల్టేజి. బండి ఆగిందంటే పట్టాల్లో కరెంటు లేనట్టే, అప్పుడు సౌండ్ బోర్డూ చచ్చిపోతుంది. నీకేమో స్టేషన్లో నిలబడి గుడగుడలాడే ఇంజన్ కావాలి కదా. అందుకే ఫీనిక్స్ లాంటివాటికి చిన్న బ్యాటరీ తోడుంటుంది, బండి ఆగినా కాసేపు అది మోయిస్తుంది. ఫీనిక్స్ సౌండ్ మాత్రమే చేస్తుంది, మోటార్ జోలికి పోదు. డీసీ అయినా, డీసీసీ (పట్టాల్లో ఎప్పుడూ కరెంటు ఉంచి, బండికి డిజిటల్ సిగ్నల్ పంపే పద్ధతి) అయినా, బ్యాటరీ అయినా దేంట్లోనైనా కలిసిపోతుంది, సౌండ్ కూడా నిజంగా బాగుంటుంది. పాతకాలం పెద్దాయనలు చాలామంది దాని మీదే ఉన్నారు. మైలోకోసౌండ్ చవక, టీవీ రిమోట్ లాంటి దాంతో సెట్టింగులు మార్చుకోవచ్చు, బండి మీద బండి కొనేవాడికి మంచిదే. కానీ అందులో నీకు దొరికేది 'ఒక డీజిల్ ఇంజన్'. నీకు కావాల్సింది ఒక డీజిల్ ఇంజన్ కాదు కదా.

నేనైతే డీసీసీకి మారమంటాను, లోక్‌సౌండ్ 5 ఎక్స్‌ఎల్ డీకోడర్, అంటే బండిలో కూర్చుని ఆ సిగ్నల్ చదివి మోటార్‌నీ సౌండ్‌నీ నడిపే బోర్డు, వేయమంటాను. కారణం ఒక్కటే. దాన్ని చేసే ఈఎస్‌యూ వాళ్ల లైబ్రరీలోంచి ఆల్కో 251 ఫైలు తీసుకుని అందులో నచ్చని చప్పుళ్లు పీకేసి మన చప్పుళ్లు మనమే ఎక్కించుకోవచ్చు, లోక్‌ప్రోగ్రామర్ అనే పెట్టె ఉంటే చాలు. జిమో డీకోడర్లలో కూడా కుదురుతుంది. త్సునామీ2 మంచి డీకోడరే గానీ మన సొంత రికార్డింగ్ అందులోకి పోదు. ప్రోగ్రామర్ కొంటే నీ 300 దాటుతుంది, ముందే చెప్తున్నా. దగ్గర్లో గార్డెన్ రైల్వే క్లబ్బు ఉంటే ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది, కాఫీ ఇప్పించి అడుక్కో.

ఇంకో మంచి సంగతి, ఇందులో డ్రైవ్ హోల్డ్ అని ఒక మీట ఉంది. నొక్కితే మోటార్ అదే స్పీడులో ఉండిపోతుంది, రెగ్యులేటర్ తిప్పితే ఇంజన్ చప్పుడు మాత్రమే పెరుగుతుంది, తగ్గుతుంది. అంటే బండి నత్తలా పోతుంటే ఇంజన్ మాత్రం ఎనిమిదో నాచ్‌లో, అంటే రెగ్యులేటర్ చివరి మెట్టులో, అరుస్తుంది. నీ నల్లమల ఎక్కుడుకి ఇంకేం కావాలి?

వైరింగ్‌లో జాగ్రత్త. ఎల్‌జీబీ మోటార్ బ్లాకు నుంచి మామూలుగా నాలుగు వైర్లు వస్తాయి. గోధుమ, తెలుపు పట్టాల నుంచి, ఆకుపచ్చ, పసుపు మోటార్‌కి. ఈ రెండు జతలకీ మధ్య ఎక్కడా సంబంధం ఉండకూడదు. పాత బోర్డు ఉంచేసి దాని మీదే డీకోడర్ కలిపితే లోపల ఎక్కడో అవి కలిసే ఉంటాయి. నేను ఒకసారి రాత్రి పదకొండింటికి, రేపు పిల్లలకి చూపించాలన్న తొందరలో, మీటర్ పెట్టి చూడకుండా కరెంటు ఇచ్చాను. ఒక్క సెకను. చిన్న వెలుగు, పెద్ద వాసన. 200 డాలర్ల వాసన అంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అందుకని ఆ బోర్డు మొత్తం పీకి పక్కన పెట్టు. రెండు మోటార్ల బండి కాబట్టి చేత్తో చక్రాలు పట్టుకుని ఎంత కరెంటు లాగుతుందో కూడా చూడు. నాది పరుగులో ఒకటిన్నర ఆంపియర్లు దాటదు గానీ చక్రాలు బిగిస్తే మూడున్నర దాకా పోయింది. చిన్న స్కేలు డీకోడర్లు ఇందుకే పనికిరావు.


గూడుపెట్టె:

పైనాయన డీకోడర్ గురించి బాగా చెప్పారు, కానీ అసలు దోమ ఎక్కడిదో చెప్పలేదు. దోమ బోర్డులో లేదు గేటు గారూ, స్పీకర్లో ఉంది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే స్పీకర్ వెనక ఉంది.

స్పీకర్ రేకు ముందుకి తోసినప్పుడు వెనకవైపు గాలిని లాగుతుంది. ముందు గాలి, వెనక గాలి ఎక్కడైనా కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, ముందుగా చచ్చేది లోతు శబ్దాలే. మిగిలేది పైన కీచుమనేది, అదే మీ దోమ. ఉన్న ఆ చవక బోర్డుకే స్పీకర్‌ని గాలి చొరబడని డబ్బాలో బిగించి మళ్లీ వినండి, వైరు దూరే కన్నం కూడా సిలికాన్‌తో మూసి. అమ్మాయిని పిలవండి. ఈసారి నవ్వదు.

ఇక లెక్క. ఇది చేసుకున్నాక నాకే మతిపోయింది. మీ ఇంజన్ ఫోర్ స్ట్రోక్, ఆరు సిలిండర్లు, అంటే క్రాంక్ ఒక చుట్టు తిరిగితే మూడు పేలుళ్లు. ఐడిల్‌లో, అంటే నిలబడి ఉన్నప్పుడు, నిమిషానికి సుమారు 400 చుట్లు, అంటే 1200 పేలుళ్లు, సెకనుకి 20. అంటే అసలు స్వరం 20 హెర్ట్జ్! ఫుల్ నాచ్‌లో 1100 చుట్లు అనుకున్నా 55 దాటదు. అదే బ్రాడ్ గేజ్ డబ్ల్యూడీఎం-2 అయితే పదహారు సిలిండర్లు, ఐడిల్‌లోనే 53. మూడంగుళాల స్పీకర్ ఎంత మంచిదైనా 150 కింద పెద్దగా పలకదు. మరి మనకి ఆ గుడగుడ ఎలా వినపడుతుంది అంటే, 160, 180, 200 ఇలా 20 తేడాతో పై స్వరాలు వరసగా వస్తుంటే కింద ఉండాల్సిన 20ని చెవి తనే ఊహించేసుకుంటుంది. చెవికి మోసపోవడం ఇష్టం. కాబట్టి 16 సిలిండర్ల ఫైలు ఎక్కించి స్పీడు తగ్గిద్దామనుకోకండి, ఆ తేడా రాదు. ఆరు సిలిండర్ల 251 ఫైలే వెతకండి. చిన్నప్పుడు విన్నవాడు మొదటి క్షణంలో పట్టేస్తాడు.

అందుకే నేను చేసే పని వేరు. ఫైల్లో 150 కింద ఉన్నదంతా కోసేస్తాను. ఎలాగూ పలకని దాన్ని పలకమని రేకుని ఊపడం వల్ల మిగిలిన శబ్దం చెడిపోతుంది తప్ప లాభం లేదు. 250 నుంచి 500 మధ్య కాస్త పెంచుతాను. బరువు అక్కడ దొరుకుతుంది.

స్పీకర్ ఎంత పెద్దది పడితే అంత పెద్దది. పెట్టాల్సిన చోటు డీజిల్ ట్యాంకు, నేలవైపు చూస్తూ. నేలకి తగిలి చుట్టూ పరుచుకుంటుంది, పైగా వాన చుక్క నేరుగా పడదు. కాగితం రేకు వద్దు, డాలస్ తేమకీ స్ప్రింక్లర్లకీ ఉబ్బిపోతుంది, ప్లాస్టిక్ రేకుది తీసుకోండి. డీకోడర్ కాగితంలో ఎన్ని ఓమ్‌లు రాశారో అదే వాడండి. రెండు 8 ఓమ్ స్పీకర్లు పక్కపక్కన కలిపితే 4 అవుతుంది, ఒకదాని వెనక ఒకటి కలిపితే 16. డీకోడర్ 4ని తట్టుకోలేనిదైతే ఆంప్లిఫయర్ వేడెక్కి ఊరుకుంటుంది.

పక్కింటి టెన్షన్ పెట్టుకోకండి. బయట గోడలుండవు, దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతాయి. మీటరు దూరంలో వినపడేది ఎనిమిది మీటర్ల దగ్గరికి 18 తగ్గుతుంది. వాళ్ల ఏసీ చప్పుడే దీన్ని మింగేస్తుంది.


దిగువమెట్ట గేటు:

గూడుపెట్టె గారూ, ఇప్పుడే చేసి చూశాను. ఐస్‌క్రీమ్ డబ్బా మూత కోసి, స్పీకర్ బిగించి, చుట్టూ సిలికాన్ కొట్టాను. అమ్మాయి నవ్వలేదు, "ఇది వేరే బోర్డా?" అంది.

ట్యాంకు కొలిచాను, లోపల 11 సెంటీమీటర్లు పొడవు, 7 వెడల్పు, లోతు మాత్రం 3 కూడా లేదు. సరిపోతుందా? ఇంకో ప్రశ్న, ఇత్తడి ట్రాక్ వానకి నల్లబడిపోతుంది, బండి కుదుపుకి ఆగి ఆగి పోతుంది, డీసీసీ పెడితే సౌండ్ కూడా అలాగే తెగుతుందా? ఇప్పుడైతే స్టీల్ ఊల్‌తో రుద్దుతున్నాను.


పట్టాల పిచ్చోడు:

అన్నా స్టీల్ ఊల్ ఈ క్షణమే ఆపెయ్! ఆ పీచు ముక్కలు మోటార్ అయస్కాంతానికి అంటుకుంటాయి, రేపు ట్యాంకులో నేలవైపు తిరిగిన స్పీకర్ పెడితే దానికీ అంటుకుంటాయి. నా స్పీకర్ ఒకటి ఎందుకో బరబరలాడుతోందని విప్పి చూస్తే రేకు మీద ఇనుప గడ్డం మొలిచి ఉంది.

అవును, మురికి ఉంటే సౌండ్ తెగుతుంది, తెగినప్పుడల్లా ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేసుకుంటుంది, వినడానికి నరకం. కెపాసిటర్ల ప్యాక్ పెడితే ఒకటి రెండు సెకన్లు దాటిస్తుంది. రోజూ పట్టాలు తుడిచే ఓపిక లేకపోతే బ్యాటరీకి పో. వెనక పెట్టెలో 18.5 వోల్టుల లిథియం ప్యాక్, దాని పక్కన ఎయిర్‌వైర్ వాళ్ల రేడియో రిసీవర్. అది డీసీసీ సిగ్నలే ఇస్తుంది కాబట్టి లోక్‌సౌండ్ దాని వెనక అలాగే కూర్చుంటుంది. ఖర్చు ఇంకా పెరుగుతుంది, అదొక్కటే బాధ.


కోఠి సోల్డర్:

హైదరాబాద్ నుంచి రాస్తున్నా. మీరు చెప్పే రేట్లు వింటుంటే మాకు కళ్లు తిరుగుతున్నయ్. ఆ డీకోడర్ ఇక్కడికి తెప్పిస్తే కస్టమ్స్‌తో కలిపి ఒక నెల ఇంటి కిరాయి. అందుకని మేమేం చేస్తామో కూడా చెప్తా, డబ్బులున్నవాళ్లకి కూడా పనికొస్తది.

కోఠి గుజరాతీ గల్లీలో మొదట డీఎఫ్‌ప్లేయర్ మినీ తెచ్చిన. మెమరీ కార్డులో ఫైలు వేస్తే మోగుతది, స్పీకర్ నేరుగా తగిలించొచ్చు. సమస్య ఏందంటే ఐడిల్ సౌండ్ చుట్టూ తిరిగి మళ్లీ మొదటికి వచ్చేటప్పుడు సన్నగా ఒక గ్యాప్ వస్తది. గుడగుడ గుడగుడ, టక్, గుడగుడ. పాటలకైతే పట్టదు గానీ ఇంజన్‌కి గుండె ఆగి కొట్టుకున్నట్టు ఉంటది. మూడు రాత్రులు ఫైలు కోసి కోసి చూసి వదిలేసిన.

తర్వాత ఈఎస్పీ32 అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు మీదికి మారిన. దానికి మ్యాక్స్98357 అని చిన్న ఆంప్లిఫయర్ ముక్క తగిలిస్తే శబ్దాన్ని మనమే ముక్క ముక్క పంపొచ్చు, గ్యాప్ అన్న మాటే లేదు. నాచ్ మారినప్పుడు ఒక ఫైలు తగ్గుతూ ఇంకోటి పెరిగేటట్టు రాసుకున్న. వైఫై దాంట్లోనే ఉంది కాబట్టి ఫోన్‌తో హారన్ కొట్టొచ్చు. మోటార్‌కి వేరే డ్రైవర్ బోర్డు. అన్నీ కలిపి మీ దగ్గర ఒక పిజ్జా డబ్బులు.

నొప్పి ఎక్కడంటే మోటార్ స్పీడు మార్చే పల్సులు స్పీకర్లోకి వస్తయ్, సన్నగా ఈల లాగా. సౌండ్ బోర్డుకి వేరే వోల్టేజి కన్వర్టర్ పెట్టి, దగ్గర్లో పెద్ద కెపాసిటర్ వేసి, మోటార్ వైర్లని సౌండ్ వైర్లకి దూరంగా తీసినంక పోయింది. పిచ్చోడు అన్నా, లోక్‌సౌండే కావాలని ఏం లేదు. ఓపిక ఉన్నోనికి ఇది చాలు.


పట్టాల పిచ్చోడు:

తమ్ముడూ నీ పని గొప్పదే, కాదనను. కానీ బండి బరువు పెరిగితే చప్పుడు దానంతటది పెరగడం, బ్రేకు వేస్తే ఇంజన్ కిందికి దిగడం, ఇవన్నీ నువ్వు కూర్చుని రాసుకోవాలి. గేటు అన్న ఆదివారం ఒక్కటే ఖాళీ మనిషిలా ఉన్నాడు. కొనుక్కుంటే ఈ వానాకాలానికి బండి తిరుగుతుంది, రాసుకుంటే వచ్చే వానాకాలానికి.


కోఠి సోల్డర్:

ఓకే అన్నా, నిజమే. నాది ఏడాదిన్నర పట్టింది.


వ్యాక్యూమ్ బ్రేక్:

అందరూ ఇంజన్ చప్పుడు దగ్గరే ఆగిపోయారు. గేటు గారు అడిగింది గేటు దగ్గర విన్నది. అక్కడ గుర్తుండేది హారన్ అండీ.

అమెరికా ఫైలు ఎక్కిస్తే ఏమవుతుందో చెప్తాను. మొదట గంట మోగుతుంది, ణణణణ అని. మన డీజిళ్లకి గంట ఎక్కడిది? తీసేయండి. తర్వాత హారన్. వాళ్లది మూడు నాలుగు స్వరాలు కలిసిన తీగ, సంగీతంలా ఉంటుంది. మనది ఒకటి లావు, ఒకటి సన్నం, విడివిడిగా రెండు. ఇక ఆ ఫైళ్లలో గేటు హారన్ అని ఒక మీట ఉంటే రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్లీ ఒక పొడుగు కొడుతుంది, అది వాళ్ల రూలు. మన దగ్గర పట్టాల పక్కన పసుపు బోర్డు మీద డబ్ల్యూ/ఎల్ అని ఉంటుంది చూడండి, అది కనపడగానే డ్రైవర్ ఆగకుండా ఒకటే పొడుగ్గా కొడతాడు. మీ తాతగారు విన్నది ఆ పొడుగు హారన్. ఆ మీటలో వాళ్ల వరస తీసేసి, నొక్కినంతసేపూ మోగేలా పెట్టుకోండి. ఇంజన్ ఎంత బాగా కుదిరినా హారన్ పరాయిదైతే బండి పరాయిదే.

ఇంకోటి, బ్రేకు వదిలినప్పుడు వచ్చే 'ప్ఫ్ష్' ఎయిర్ బ్రేకుది. మన మీటర్ గేజ్ పెట్టెలు చాలావరకు వ్యాక్యూమ్ బ్రేకువి. వ్యాక్యూమ్‌లో గాలి బయటికి కొట్టదు, బ్రేకు వేసినప్పుడు లోపలికి లాగుతుంది, ఆ చప్పుడు మెత్తగా, ఎవరో పెద్ద ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ గుడగుడ కింద ఎగ్జాస్టర్ (వ్యాక్యూమ్ కోసం గాలిని తోడేసే పంపు) రొద ఒకటి ఆగకుండా ఉంటుంది. దాన్ని కలిపితే తెలియనివాళ్లకి ఏమీ తేడా ఉండదు, తెలిసినవాళ్లు నిలబడిపోతారు.

రికార్డింగ్ కావాలంటే నీలగిరిలో కూనూరు నుంచి ఊటీ దాకా వైడీఎం-4 నడుస్తుంది, నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఫోన్‌తో చేసి మొత్తం పాడు చేశాను. ఫోన్ దానంతటది శబ్దాన్ని సర్దేస్తుంది, చిన్నదాన్ని పెంచి పెద్దదాన్ని నొక్కేస్తుంది, హారన్ పడగానే ఇంజన్ మాయమైపోయింది. రెండోసారి చిన్న రికార్డర్, దానికి బొచ్చు టోపీ, లెవెల్ చేత్తో పెట్టుకుని వెళ్లాను. కూనూరు ప్లాట్‌ఫాం మీద ఐడిల్ నాలుగు నిమిషాలు శుభ్రంగా వచ్చింది. ఒక్కో నాచ్ విడివిడిగా మాత్రం దొరకదు, మన కోసం డ్రైవర్ ఒక్కో నాచ్‌లో అర నిమిషం ఆగడు కదా. కాబట్టి ఇంజన్ లైబ్రరీదే ఉంచండి, హారన్, బ్రేకు, ఎగ్జాస్టర్ నావి పంపిస్తాను. హారన్ మూడు ముక్కలుగా కోసి ఉంచాను. మొదలు, మధ్యలో తిరిగే భాగం, చివర. ఆ చివర్లో గాలి తగ్గి స్వరం జారిపోతుంది, దాన్ని మాత్రం కోయకండి.


ఏడుంపావు అంగుళం:

ఇంగ్లండ్‌లో మేము కూర్చుని నడిపే బండ్ల క్లబ్బులో ఉన్నాను, ఏడుంపావు అంగుళాల గేజ్. ఆవిరి బండ్లకి ఏమీ అక్కర్లేదు, వాటి గోల వాటికుంది. బ్యాటరీతో నడిచే డీజిల్ మోడళ్లకి మాత్రం కారు ఆంప్లిఫయర్, ఆరంగుళాల స్పీకర్ పెడతాం. ఒక్క మాట చెప్పి వెళ్తాను. మొదటి వారం అందరూ వాల్యూమ్ పూర్తిగా పెడతారు, నెల తర్వాత సగానికి తెస్తారు. మీరు ఎక్కడ నిలబడి చూస్తారో అక్కడి నుంచి విని సెట్ చేయండి, బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని కాదు. నేను ఆ తప్పు చేసి, పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతుంటే మొదటి పెట్టెలో కూర్చున్న చిన్నది చెవులు మూసుకుని ఏడ్చింది.


దిగువమెట్ట గేటు:

ఆరు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించండి, మధ్యలో ఆఫీసు.

చివరికి లోక్‌సౌండ్ 5 ఎక్స్‌ఎల్‌కే పోయాను. ప్రోగ్రామర్ కొనలేదు, ఇక్కడ క్లబ్బులో ఒక పెద్దాయన ఇచ్చాడు, కాఫీ కాదు, గోంగూర పచ్చడికి పడిపోయాడు. బ్యాటరీ వచ్చే ఏడాది చూస్తాను, ఇప్పటికి కెపాసిటర్ ప్యాక్, గుడ్డతో తుడవడం.

ట్యాంకు లోతు చాలలేదు. అడుగున స్పీకర్ బిగించి, పైన ఛాసిస్‌లో కన్నం కోసి, బరువు ఇనుప దిమ్మె ఒకటి తీసేసి ఆ ఖాళీని కూడా పెట్టెలో కలిపేశాను, అంతా మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటు. దిమ్మె తీసేసినందుకు చక్రాలు ఎక్కుడులో జారుతున్నాయి, సీసం గుళ్లు తెచ్చి క్యాబిన్లో పోశాను. మోటార్ వైర్లు మీటర్‌తో మూడుసార్లు చూశాను పిచ్చోడు అన్నా, పగలే చూశాను.

150 కింద కోసేయమన్నప్పుడు నమ్మలేదు. కోయకుండా ఒకటి, కోసి ఒకటి పక్కపక్కన విన్నాను. కోసిందే లావుగా ఉంది, ఇదేం మాయో! ఈఎస్‌యూ ఫైల్లో గంట తీసేశాను, వ్యాక్యూమ్ బ్రేక్ గారి హారన్ ఎక్కించాను. మాస్టర్ వాల్యూమ్, డీకోడర్ సెట్టింగుల్లో సీవీ 63, మొదట 180 ఉంది, కంచె దగ్గర నిలబడి విని 95కి దించాను. పక్కింటాయన వచ్చి అడిగాడు, భయపడ్డాను, ఆయన అడిగింది 'ఆ ఊపిరి తీసుకున్నట్టు వచ్చేది ఏమిటి' అని.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో నాన్నకి వినిపించాను. ఫోన్ పెట్టి చూపించకుండా హారన్ ఒక్కటే కొట్టాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "గేటు వేశారా?" అన్నాడు.

ఒక్కటి మిగిలింది. డ్రైవ్ హోల్డ్ వదిలేటప్పుడు బండి ఒక్కసారి గెంతుతోంది, స్పీడు మెల్లగా కలవట్లేదు. యాక్సిలరేషన్ సీవీ 3 పెంచితే సర్దుకుంటుందా, లేక ఫైల్లోనే ఏదైనా మార్చాలా? తెలిసినవాళ్లు చెప్పండి. వ్యాక్యూమ్ బ్రేక్ గారూ, ఆ కూనూరు ఐడిల్ నాలుగు నిమిషాలది కూడా పంపిస్తారా?